ప్రొద్దుటూరు నుంచి దుబాయ్‌లో ఫ్లాట్ కొనాలంటే

మాది ప్రొద్దుటూరు. బట్టల హోల్‌సేల్ అంగడి. బంధువుల్లో చాలామంది కువైట్‌లోనే ఉన్నారు. ఎన్నేళ్ళు కష్టపడినా అక్కడ మనవాళ్ళ పేరు మీద ఇల్లు రాయించుకునే వీల్లేదు. దుబాయ్ అట్ల కాదు. 2002 నుంచి కొన్ని ఏరియాల్లో విదేశీయులకు అమ్మడం మొదలుపెట్టి, 2006లో చట్టం కూడా చేశారు. ఆ ఏరియాలను ఫ్రీహోల్డ్ అంటారు. మా మేనల్లుడు అక్కడే పనిచేస్తాడు కాబట్టి ఇంటర్నేషనల్ సిటీలో ఒక బెడ్‌రూమ్ ఫ్లాట్ తీసుకున్నాను. 7,00,000 దిర్హమ్‌లు.

ఇప్పుడు అంగడికి వచ్చినోళ్ళంతా ఫ్లాట్ ఫోటోలు చూపించమంటారు. డబ్బు ఎట్ల పంపినావని అడిగేవాళ్ళు తక్కువ. నా తిప్పలన్నీ అక్కడే పడ్డాను. అందుకే ముందు ఆ సంగతి చెప్తాను.

ఇండియాలో ఉండే మనిషి విదేశానికి ఒక ఆర్థిక సంవత్సరంలో 2,50,000 డాలర్ల దాకా పంపొచ్చని ఆర్‌బీఐ నియమం. ఏప్రిల్ నుంచి మార్చి వరకు లెక్క. అంతకన్నా ఎక్కువ కావాలంటే ఇంట్లోవాళ్ళ పరిమితి కలుపుకోవచ్చు. కానీ ఆస్తి కొనేటప్పుడు, ఎవరి పరిమితి వాడుకున్నామో వాళ్ళ పేరు దస్తావేజులో ఉండాల్సిందే. నా ఒక్కడి పరిమితే సరిపోయేది. అయినా సగం డబ్బు మా ఆవిడ పొలం అమ్మగా వచ్చింది, ఆమె అకౌంట్ నుంచే పంపాం, ఆమె పేరూ రాయించాం.

బ్యాంకుకు పోయేముందు నేను వేసుకున్న ప్లాన్ వేరు. మా ఊళ్ళో డబ్బు అవసరమంటే ముందు గుర్తొచ్చేది బంగారం. తాకట్టు పెట్టి కొంత సర్దుకుందామని మేనేజర్‌తో అన్నాను. ఆయన పెన్ను కింద పెట్టి, "అట్ల కుదరదు సార్. విదేశంలో ఆస్తి కొనడానికి పంపే డబ్బుకు బ్యాంకు అప్పు ఇవ్వకూడదు. మీ సొంత డబ్బే కావాల" అన్నాడు. బంగారం మళ్ళీ లాకర్‌లోకి పోయింది.

ఇంకో దారి కూడా చెప్పేవాళ్ళుంటారు. ఇక్కడ రూపాయలు ఇచ్చేయ్, అక్కడ మావాడు దిర్హమ్‌లు ఇస్తాడు అంటారు. నన్నూ ఒకాయన టీ తాగించి మరీ అడిగాడు. అది హవాలా. ఫెమా అనే విదేశీ మారకద్రవ్య చట్టం కింద పట్టుబడితే ఆ మొత్తానికి మూడు రెట్ల దాకా జరిమానా వేయొచ్చు. పైగా రేపు ఫ్లాట్ అమ్మినప్పుడు ఈ డబ్బు ఎక్కడిదంటే చూపడానికి ఒక్క కాగితం ఉండదు.

నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. మొదట బెంగళూరులో ఒక హోటల్‌లో ప్రాపర్టీ ఎక్స్‌పోకి పోయినాను. ఏసీ హాలు, బిర్యానీ, గాజు పెట్టెలో బిల్డింగ్ బొమ్మ. ఈ రోజే బుక్ చేస్తే రేటు తగ్గిస్తామన్నారు. క్రెడిట్ కార్డు గీకేశాను. తర్వాత బ్యాంకులో చెప్తే, ఆస్తి కొనడానికి కార్డు వాడకూడదు, బ్యాంకు నుంచి, విదేశానికి డబ్బు పంపేటప్పుడు నింపే ఏ-2 ఫారం మీదనే పోవాలన్నారు. ఆ బుకింగ్ రద్దు చేయించుకోవడానికి నాలుగు నెలలు పట్టింది, కొంత కోసుకున్నారు. అదే ఎక్స్‌పోలో తాళాలు ఇచ్చాక కూడా మూడేళ్ళు కంతులు కట్టొచ్చని ఆశపెట్టారు. దాన్ని మా మేనేజర్ అప్పు కిందే చూశాడు, ఒప్పుకోలేదు. అట్లాంటి ప్లాన్ నచ్చితే సంతకానికి ముందే మీ బ్యాంకును రాతపూర్వకంగా అడగండి.

ఏ-2 ఫారంలో డబ్బు ఎందుకు పంపుతున్నామో ఒక కోడ్ వేయాలి. కౌంటర్‌లో కుర్రాడు మేనల్లుడి పేరు విని "కుటుంబ పోషణ" అని వేశాడు. నేను చదవకుండా సంతకం పెట్టబోతుంటే మేనేజర్ కొట్టేసి, విదేశీ స్థిరాస్తి కోడ్ ఎస్0005 రాయించాడు. మేనల్లుడి అకౌంట్‌కు పంపుతానన్నా వద్దన్నాడు. కొనేవాళ్ళ పేరు, డబ్బు పోయే పేరు ఒకటే ఉండాలట. అందుకని దుబాయ్ పోయినప్పుడు అక్కడ ఉండనివాళ్ళకు ఇచ్చే అకౌంట్ మా ఇద్దరి పేరుతో తెరిచాం. అందులో పడిన డబ్బును 180 రోజుల్లో వాడకపోతే ఇండియాకు తిప్పి పంపాలి. బేరం కుదరకముందే పంపి కూర్చోవద్దు.

ఇక గుండె గుభేల్‌మనేది టీసీఎస్, అంటే డబ్బు పంపేటప్పుడే పట్టుకునే పన్ను. ఏడాదిలో 10 లక్షలు దాటిన ప్రతి రూపాయి మీద 20 శాతం బ్యాంకు ముందే పట్టుకుంటుంది. దిర్హమ్ 24 రూపాయలనుకుంటే, ఖర్చులతో కలిపి మేం పంపింది 1.79 కోట్లు. ఇద్దరికీ చెరో 10 లక్షలు పోగా, టీసీఎస్ దాదాపు 32 లక్షలు. ఇది పోయే డబ్బు కాదు. మన పేరు మీద పట్టుకున్న పన్నులు చూపే 26ఏఎస్ స్టేట్‌మెంట్‌లో కనిపిస్తుంది, మన ఇన్‌కమ్ టాక్స్‌లో సర్దుకోవచ్చు, మిగిలితే రిఫండ్ వస్తుంది. కానీ అన్ని నెలలు చేతిలో ఉండదు కదా. నాకు దసరా సరుకుకు పెట్టాల్సిన పెట్టుబడి అందులో ఇరుక్కుపోయింది.

దుబాయ్‌లో పని మాత్రం మన రిజిస్ట్రార్ ఆఫీసు కంటే తేలిక. ఫ్లాట్ పత్రం అసలుదో కాదో దుబాయ్ రెస్ట్ అనే యాప్‌లో చూసుకోవచ్చు. బ్రోకర్‌కు లైసెన్స్ నంబర్ ఉంటుంది, అడగండి. ఫారం ఎఫ్ మీద ఒప్పందం రాసుకుని పది శాతం చెక్కు ఇస్తారు, మన బయానా లాగా. బిల్డర్ నుంచి అభ్యంతరం లేదనే ఎన్‌ఓసీ వచ్చాక అమ్మేవాళ్ళు, కొనేవాళ్ళు ఇద్దరూ రిజిస్ట్రేషన్ చేసే ట్రస్టీ ఆఫీసుకు పోతారు. మేనేజర్ చెక్కు, అంటే మన డీడీ లాంటిది, ఇచ్చాం, గంట తిరక్కుండానే మా పేరుతో టైటిల్ డీడ్ వచ్చింది. నేను అంగవస్త్రం సర్దుకునే లోపల అయిపోయిందని మేనల్లుడు ఇప్పటికీ నవ్వుతాడు.

ఖర్చులు: ల్యాండ్ డిపార్ట్‌మెంట్‌కు 4 శాతం, అంటే 28,000 దిర్హమ్‌లు. బ్రోకర్‌కు 2 శాతం, దాని మీద 5 శాతం వ్యాట్, కలిపి 14,700. ట్రస్టీ ఆఫీసుకు 4,200. ఎన్‌ఓసీ వేరే. కట్టుబడిలో ఉన్నది కొంటే మాత్రం ఆ ప్రాజెక్టు కోసమే విడిగా ఉండే ఎస్క్రో అకౌంట్‌లోకే డబ్బు వేయండి. సేల్స్‌మన్ చెప్పిన ఇంకే అకౌంట్‌లోకీ వద్దు. మీరు పోలేకపోతే పవరాఫ్ అటార్నీ ఇవ్వొచ్చు కానీ ఇక్కడి నోటరీ, విదేశాంగ శాఖ, యూఏఈ కాన్సులేట్, అక్కడి విదేశాంగ శాఖ, మళ్ళీ అరబిక్ అనువాదం. దానికంటే విమానం టికెట్ నయం.

అద్దె లెక్క వేసేటప్పుడు బిల్డింగ్ నిర్వహణకు కట్టే సర్వీస్ ఛార్జీ తీసేసి చూడండి. చదరపు అడుగుకు ఇంత అని ఏటా కట్టాలి. బ్రోకర్లు చెప్పే రాబడిలో అది ఉండదు.

అక్కడ అద్దె మీద పన్ను లేదు కదా అని ఇక్కడ దాచకండి. మనం ఇండియాలో ఉన్నంతకాలం ఆ అద్దె ఇక్కడి ఆదాయమే, 30 శాతం మినహాయింపు పోగా పన్ను కట్టాలి. రిటర్న్‌లో షెడ్యూల్ ఎఫ్ఏ అని ఒకటుంది. విదేశీ ఆస్తి అందులో రాయకపోతే 10 లక్షల జరిమానా పడొచ్చు. 20 లక్షల లోపు చిన్న అకౌంట్లకు, షేర్లకు సడలింపు ఇచ్చారు, స్థలాలకు ఇళ్ళకు ఇవ్వలేదు. మామూలుగా వేసే చిన్న రిటర్న్ ఫారం ఐటీఆర్-1 పనికిరాదు. మా ఆవిడ రిటర్న్ కూడా విడిగా వేయించాల్సి వచ్చింది. మా ఆడిటర్‌కు ఇది మొదటి కేసట, డీడ్ మీద అరబిక్ చూసి ఏ పక్క నుంచి చదవాలని అడిగాడు.

మిగిలింది వీలునామా. ముస్లిమేతరులు దుబాయ్‌లో డీఐఎఫ్‌సీ (దుబాయ్ ఇంటర్నేషనల్ ఫైనాన్షియల్ సెంటర్) దగ్గర వీలునామా రిజిస్టర్ చేయించుకోవచ్చు. నేనింకా చేయించలేదు. ఇద్దరు పిల్లలకూ ఒకటే ఫ్లాట్ ఎట్ల రాయాలో మా ఇంట్లో తేలలేదు.