టైమర్ ఒకటి, వర్క్ ఒకటి ఎందుకు?

లినక్స్ డ్రైవర్లలో నాకు పదేపదే కనిపించే అమరిక ఒకటుంది. ఒక టైమర్ పెడతారు, గడువు తీరాక దాని కాల్‌బ్యాక్ (అప్పుడు లినక్స్ మూలభాగమైన కెర్నెల్ పిలిచే ఫంక్షన్) చేసేదల్లా ఒక వర్క్‌ను, అంటే కెర్నెల్ థ్రెడ్‌లో తర్వాత నడవాల్సిన పనిని, క్యూలో వేయడమే. టైమర్ కాల్‌బ్యాక్ నిద్రపోకూడదు, మ్యూటెక్స్ (ఒకసారికి ఒకరినే అనుమతించే తాళం) పట్టకూడదు. కాబట్టి అసలు పనిని వర్క్‌కు అప్పగించడం సబబే. అయితే ఆ రెండింటినీ కెర్నెల్ ముందే జతచేసి పెట్టింది. డిలేడ్_వర్క్ అనే స్ట్రక్చర్ లోపల ఉన్నవి ప్రధానంగా ఆ రెండే.

నా డ్రైవర్ ఐ2సీ (చిప్‌లను కలిపే రెండు తీగల బస్) మీది ఉష్ణోగ్రత సెన్సర్‌ను 2 సెకన్లకోసారి చదివేది. డ్రైవర్ స్ట్రక్చర్‌లోంచి టైమర్‌నూ వర్క్‌నూ తీసేసి డిలేడ్_వర్క్ ఒక్కటే ఉంచాను. ప్రోబ్‌లో (పరికరం దొరికినప్పుడు నడిచే ఫంక్షన్) ఇనిట్_డిలేడ్_వర్క్, ఆపైన షెడ్యూల్_డిలేడ్_వర్క్, హ్యాండ్లర్ (వర్క్ పనిని చేసే ఫంక్షన్) చివర మళ్లీ అదే పిలుపు. టైమర్ కాల్‌బ్యాక్ మొత్తం పోయింది.

వ్యవధిని ఎమ్‌సెక్స్_టు_జిఫీస్‌తోనే ఇవ్వండి, అది మిల్లీసెకన్లను జిఫీలుగా, అంటే కెర్నెల్ గడియారపు టిక్కులుగా మారుస్తుంది. ఊరికే 500 అని రాస్తే హెచ్‌జెడ్ (సెకనుకు టిక్కుల సంఖ్య) 250 ఉన్న కెర్నెల్‌లో అది 2 సెకన్లు, 1000 ఉన్నచోట అర సెకను.

చివరి మీట నొక్కిన 5 సెకన్లకు తెర వెలుగు తగ్గాలనుకోండి. వర్క్ అప్పటికే ఎదురుచూస్తుంటే షెడ్యూల్_డిలేడ్_వర్క్ ఏమీ చేయకుండా ఫాల్స్ ఇచ్చి వెళ్లిపోతుంది, లెక్క మొదటి నొక్కు నుంచే సాగుతుంది. ప్రతి నొక్కుకూ గడువు మళ్లీ మొదలవ్వాలంటే మాడ్_డిలేడ్_వర్క్ వాడాలి. దానికి ఏ వర్క్‌క్యూలో వేయాలో కూడా చెప్పాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనది డ్రైవర్ మాడ్యూల్ తొలగింపు. నా పాత కోడ్ ముందు టైమర్‌ను ఆపేది, తర్వాత వర్క్‌ను రద్దు చేసేది. ఆ రద్దు జరిగేలోపు నడుస్తున్న హ్యాండ్లర్ టైమర్‌ను మళ్లీ పెట్టేది. మాడ్యూల్ తీసేసిన సరిగ్గా 2 సెకన్లకు బోర్డు కూలిపోయేది, అదీ ఎప్పుడో ఒకసారి. కారణం పట్టుకోవడానికి వారం పట్టింది. క్యాన్సిల్_డిలేడ్_వర్క్_సింక్ తనను తాను మళ్లీ పెట్టుకునే వర్క్‌ను కూడా ఆపుతుంది, నడుస్తున్నది ముగిసేదాకా ఆగుతుంది. అయితే హ్యాండ్లర్‌కు కావలసిన మ్యూటెక్స్‌ను పట్టుకుని దాన్ని పిలవకండి, రెండూ ఒకదానికోసం ఒకటి నిలిచిపోతాయి. ఇంటరప్ట్ (పరికరం పంపే సంకేతం) నుంచి కూడా ఇదే వర్క్‌ను వేస్తుంటే ముందు ఆ ఇంటరప్ట్‌ను విడిచిపెట్టి, తర్వాతే రద్దు చేయండి.

కనిపించిన ప్రతి టైమర్‌నూ ఇలా మార్చనవసరం లేదు. కాల్‌బ్యాక్ ఒక ఫ్లాగ్ మార్చి ముగిసేదైతే టైమరే చాలు. మైక్రోసెకన్ల కచ్చితత్వం కావలసినచోట హెచ్ఆర్‌టైమర్ (హై రిజల్యూషన్ టైమర్) వాడాలి.