వానలకు ముందు రేంజ్‌ఫైండర్ కెమెరా: నూనె సీసా దూరంగా పెట్టండి

మొన్న ఒక కుర్రాడు వాళ్ల తాతగారి కానొనెట్ క్యూఎల్17 తెచ్చి చూపించాడు. వ్యూఫైండర్‌లో కనిపించే రెండు బొమ్మలను ఒకటిగా కలిపి ఫోకస్ చేసే పాత ఫిలిం కెమెరా అది, ఇలాంటివాటినే రేంజ్‌ఫైండర్ అంటారు. బటన్ నొక్కితే క్లిక్‌మంటోంది గానీ షట్టర్ తెరుచుకోవడం లేదు. తుప్పు వదిలించే స్ప్రే లెన్స్ పక్క సందులోంచి కొట్టాడట. "రెండు రోజులు బాగానే పనిచేసిందండీ" అన్నాడు. ఆ తర్వాత షట్టర్ బ్లేడ్లు మళ్లీ అంటుకున్నాయి. ఈసారి అపర్చర్ బ్లేడ్లు (లోపలికి వెళ్లే వెలుగును తగ్గించి పెంచే రేకులు) కూడా. లెన్స్ లోపలి అద్దం మీద సన్నటి నూనె తుంపరలు. శుభ్రం చేస్తే సరిపోయే కెమెరా కాస్తా విడిభాగాలకు తప్ప దేనికీ పనికిరాకుండా పోయింది. మృగశిర కార్తె దగ్గరపడుతోంది, బీరువాల్లోంచి పాత కెమెరాలు బయటికొస్తున్నాయి కాబట్టి ఇప్పుడే చెబుతున్నాను.

వానలో తడపకండి, కింద పడేయకండి అని నేను చెప్పక్కర్లేదు. చెప్పాల్సింది ఒక్కటే: నూనె వేయకండి.

తలుపు కిర్రుమంటే కొబ్బరినూనె చుక్క, కుట్టుమిషను బరువుగా తిరిగితే మిషను నూనె. మన చెయ్యి అలవాటుగా సీసా మీదకే పోతుంది. కానీ కానొనెట్, యాషికా ఎలక్ట్రో 35 లాంటి కెమెరాల్లో షట్టర్ లెన్స్ మధ్యలో ఉంటుంది. దాని బ్లేడ్లు చాలా పల్చటి రేకులు, పూర్తిగా పొడిగా కదలాల్సినవి. మధ్యలో కాస్త జిడ్డు చేరినా తడి గాజు పలకల్లా అతుక్కుపోతాయి. అసలు జబ్బే నూనె. ఫోకస్ మరల్లో కంపెనీ పెట్టిన గ్రీజు ఇన్నేళ్లలో విడిపోయి, రోళ్లు పగిలే రోహిణి ఎండలకు పల్చబడి, మెల్లగా బ్లేడ్ల మీదకి పాకుతుంది. దాని మీద మీరు ఇంకాస్త నూనె పోస్తున్నారు! స్ప్రేలో ఉండే ద్రావకం ఆ జిడ్డును కాసేపు కరిగిస్తుంది, అందుకే బాగుపడినట్టు కనిపిస్తుంది. ద్రావకం ఆరిపోతుంది, నూనె మిగిలిపోతుంది, దుమ్ము పట్టి బంకవుతుంది.

జిడ్డు చేరిందో లేదో చూసుకోవడం తేలికే. లెన్స్ ముందు నుంచి టార్చ్ ఏటవాలుగా వేయండి. బ్లేడ్లన్నీ ఒకే తీరున, మెరుపు లేకుండా ఉంటే పర్వాలేదు. అవి కలిసే చోట తడిగా మెరిసినా, రంగురంగుల చారలు కనిపించినా జిడ్డు చేరినట్టే. తెలిసిన మెకానిక్ అయితే లెన్స్ ముందు భాగం విప్పి, లైటర్ ఫ్యూయల్‌లో ముంచిన ఇయర్ బడ్‌తో బ్లేడ్లు తుడుస్తాడు, షట్టర్ కొట్టి చూస్తాడు, మళ్లీ తుడుస్తాడు. బడ్‌కి మరక అంటనంత వరకూ అదే పని. లైటర్ ఫ్యూయల్ కూడా పోయడు, తుడుస్తాడంతే. పోస్తే అక్కడి జిడ్డు ఇంకోచోటికి, ఒక్కోసారి లెన్స్ అద్దం మీదకే చేరుతుంది.

అసలు చెడిందో లేదో ముందు తేల్చుకోండి. కానొనెట్ డయల్ 'ఎ' (ఆటో) మీద ఉండి బ్యాటరీ లేకపోతే, లేదా వెలుగు చాలకపోతే బటన్ దిగదు. అది జామ్ కాదు, దాని పద్ధతే అంత. 'ఎ' మీంచి తీసి నొక్కి చూడండి. యాషికా ఎలక్ట్రోలో బ్యాటరీ లేకపోతే షట్టర్ ఎప్పుడూ 1/500 సెకను దగ్గరే కొడుతుంది. స్లో స్పీడులు పోయాయని దాన్ని విప్పేసినవాళ్లు ఉన్నారు. అదే యాషికాలో ఫిలిం వైండ్ చేస్తే (లివర్ తిప్పి ముందుకు జరిపితే) లోపల 'టక్' మనాలి. అనకపోతే చిన్న రబ్బరు ప్యాడ్ ఒకటి పొడైపోయి ఉంటుంది, మార్పించాలి. దానికీ నూనెకీ సంబంధం లేదు.

ఇక లెన్స్. వెనక తలుపు తీసి, స్పీడ్ 'బి' (నొక్కినంతసేపూ షట్టర్ తెరిచి ఉండేది) మీద పెట్టి, అపర్చర్ పూర్తిగా తెరిచి, బటన్ నొక్కిపట్టుకుని వెనక నుంచి టార్చ్ వేయండి. సాలెగూడు పోగుల్లా ఉంటే ఫంగస్. అద్దమంతా పల్చటి పొగలా ఉంటే హేజ్, అంటే గ్రీజు ఆవిరి వచ్చి పేరుకున్నది. అంచుల్లో ఇంద్రధనుస్సు రంగుల మచ్చలుంటే రెండు అద్దాలను అతికించిన జిగురు వదులుతోందని అర్థం. హేజ్ సాధారణంగా తుడిస్తే పోతుంది. ఫంగస్‌ను తొందరగా తీయించాలి, ఆలస్యమైతే కోటింగ్‌ను, ఆపైన గాజును కూడా తినేస్తుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రం గాలి తగిలే ఊళ్లలో ఉన్నవాళ్లు సెప్టెంబరు వరకూ ఆగకండి.

వ్యూఫైండర్ మసకగా ఉందని పైమూత విప్పి లోపలి అద్దాలు తుడిచేవాళ్లకు ఒక మాట. అందులో సగం వెలుగును వదిలి సగం తిప్పి పంపే అద్దం ఒకటి ఉంటుంది. దాని మీది పూత ఎంత పల్చనంటే, ఇయర్ బడ్‌తో ఒక్కసారి రుద్దితే బడ్‌కే అంటుకుని వచ్చేస్తుంది. ఆ తర్వాత ఫోకస్ చేయడానికి మధ్యలో రెండో బొమ్మే ఉండదు. బ్లోయర్‌తో గాలి కొట్టండి, అంతకుమించి ముట్టుకోకండి.

మిగతావి వరసగా:

జోర్కి, ఫెడ్ (పాత సోవియట్ రేంజ్‌ఫైండర్లు) వాడేవాళ్లు ముందు వైండ్ చేయండి, తర్వాతే స్పీడ్ మార్చండి. వైండ్ చేయకుండా డయల్ తిప్పితే లోపలి మెకానిజం దెబ్బతింటుంది.

షట్టర్‌గా గుడ్డ కర్టెన్ ఉన్న కెమెరాను మూత తీసి సూర్యుడి వైపు పెట్టకండి. ఎస్ఎల్ఆర్‌లోలా అడ్డంగా అద్దం ఉండదు కాబట్టి ఎండ నేరుగా కర్టెన్ మీద పడి చిల్లు పడుతుంది. లైకా అయినా అంతే.

ఆ కర్టెన్‌కి కూడా నూనె తగలనివ్వకండి. రబ్బరు పూత పాడవుతుంది.

జోర్కి లెన్స్ ఫోకస్ రింగ్ బిగుసుకుంటే బలంగా తిప్పకండి, లెన్సే బాడీలోంచి ఊడివస్తుంది. ఫోకస్ మరలు విప్పాల్సి వస్తే అవి విడిపోయే చోట గుర్తు పెట్టుకోండి. మర ఎక్కడానికి చాలా మొదళ్లుంటాయి, సరైనది ఒక్కటే.

వైండింగ్ లివర్ ఆగితే అక్కడే ఆపండి. ఫిలిం అయిపోయిందేమో చూడండి.

సెల్ఫ్ టైమర్ ముట్టుకోకండి. పాతవాటిలో సగంలో ఆగి షట్టర్‌ను కూడా ఆపేస్తుంది.

షట్టర్ ఎక్కుపెట్టి (వైండ్ చేసి వదిలేసి) దాచకండి.

బ్యాటరీ తీసేయండి.

తోలు కేసులోంచి కెమెరా బయటికి తీయండి. వానాకాలంలో తోలుకే ముందు బూజు పడుతుంది.

గాలి చొరని డబ్బా, సిలికా జెల్, తేమ కొలిచే చిన్న హైగ్రోమీటర్. తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉండాలి. బియ్యం డబ్బాలో వద్దు, దుమ్ము లోపలికి పోతుంది.

ఏసీ గదిలోంచి బయటికి తెచ్చాక కాసేపు బ్యాగు తెరవకండి.

వెనక తలుపు దగ్గర నల్లటి ఫోమ్ జిగటగా అయితే ఇప్పుడే తీయించండి. లేకపోతే తునకలు లోపల పడతాయి.

లెన్స్ రింగు విప్పడానికి కత్తెర మొన వాడకండి.

హెయిర్ డ్రైయర్ వద్దు. నూనె వద్దు. చుక్క కూడా వద్దు.

ఫంగస్ ఉన్న లెన్స్‌ను మిగతావాటితో ఒకే డబ్బాలో పెట్టకండి.

మెకానిక్‌కి ఇచ్చేముందు రివైండ్ నాబ్ మెల్లగా తిప్పి చూడండి. బిగుతుగా తగిలితే లోపల ఫిలిం ఉన్నట్టు, వెనక తలుపు తీయకండి.