మేకప్ సామాను పాడైందా, మనమే పాడు చేశామా?

పర్లాకిమిడిలో పార్లరు నడిపేవాళ్ళకి శ్రావణం పెళ్ళిళ్ళు దగ్గరపడితే ఫోన్లు మొదలవుతాయి. ఇటు పాతపట్నం నుంచి "అప్పా, ఫౌండేషను విరిగిపోయింది" అంటారు. అటు గుణుపురం నుంచి "దీదీ, లిప్‌స్టిక్‌కి చెమట పట్టింది" అంటారు. అందరినీ నేను అడిగే మొదటి మాట ఒక్కటే: డబ్బా తిరగేసి చూశారా? ఎవరూ చూడరు. యూట్యూబులో పది వీడియోలు చూస్తారు గానీ డబ్బా అడుగు చూడరు.

ముందు ఇది చూసి, తరవాత మిగతాది చదవండి

డబ్బా అడుగున, లేదా ట్యూబు వెనక, మూత తీసిన చిన్న డబ్బీ బొమ్మ ఉంటుంది. అందులో 6, 12, 24 లాంటి అంకె, పక్కన ఇంగ్లీషు ఎమ్ అక్షరం. సీలు తీసిన రోజు నుంచి అన్ని నెలలు వాడుకోవచ్చని అర్థం. యూరప్‌లో 2005 నుంచి ఈ గుర్తుకి నిబంధన ఉంది, మన బజార్లో దొరికే చాలా సరుకు మీద కూడా కనిపిస్తుంది. మన కాస్మెటిక్స్ రూల్స్, 2020 ప్రకారం మాత్రం ఎప్పటిలోగా వాడాలో నెల, సంవత్సరం వెయ్యాలి. ఆ తేదీ సీలు తియ్యని సరుకుది. "2027 దాకా ఉంది కదా అప్పా" అని రెండేళ్ళ కిందట తెరిచిన సీసా చూపిస్తే ఏం చెప్పను?

ఇంకో తిరకాసు. చాలా వాటికి ఆ తేదీ అట్టపెట్టె మీదే ఉంటుంది, ఆ పెట్టె కొన్న రోజే చెత్తబుట్టలోకి పోతుంది. అందుకని సీలు తీసిన రోజే చెరగని మార్కరుతో తీసిన తేదీ, పెట్టె మీది తేదీ, రెండూ సీసా అడుగున రాసేయండి. గుర్తు కనబడకపోతే నేను పాటించే లెక్క ఇది: మస్కారా, లిక్విడ్ ఐలైనరు 3 నెలలు, మహా అయితే 6. లిక్విడ్ ఫౌండేషను, క్రీములు 6 నుంచి 12. లిప్‌స్టిక్ ఏడాది, ఏడాదిన్నర. పొడి రూపంలో ఉన్నవి, అంటే కాంపాక్టు, ఐషాడో, రెండేళ్ళు. నీళ్ళున్న సరుకు బేగి పాడవుతుంది, పొడిగా ఉన్నది నిలుస్తుంది. ఈ ఒక్క ముక్క గుర్తుంటే అంకెలు మరిచిపోయినా పరవాలేదు.

లిప్‌స్టిక్ మీద చెమట చుక్కలు

పాడవలేదు, పారేయకండి. లిప్‌స్టిక్ అంటే మైనం, ఆముదం లాంటి నూనెలు, రంగు. పగలు వేడెక్కి రాత్రి చల్లారితే ఆ నూనె పైకి ఊరుతుంది. రేకుల షెడ్డు కింద, పడమటి గోడకి ఆనించిన ఇనప బీరువాలో పెట్టి "కంపెనీ మంచిది కాదు" అంటే ఎలాగ? మేలో ఆ బీరువా తలుపు మీద చెయ్యి పెట్టి చూడండి. టిష్యూతో తుడిచి, ఇంట్లో చల్లగా ఉండే గదిలో, కింది అరలో పెట్టండి. ఎండలో నిలిపిన కారు డాష్‌బోర్డు, బండి డిక్కీ అసలే వద్దు.

తుడిచినా పాత నూనె కంపు వస్తుంటే అది వేరు. నూనె గాలి తగిలి ముక్కిపోయింది. దానికి మందు లేదు.

ఫౌండేషనులో పైన నూనె, కింద ముద్ద

రంగు బరువు, అడుక్కి దిగుతుంది. అర నిమిషం బాగా ఊపి చేతి వెనక ఒక చుక్క వెయ్యండి. నున్నగా పరుచుకుని, వాసన మామూలుగా ఉంటే వాడుకోండి. ఊపినా పలుకులు పలుకులుగా ఉంటే, నీళ్ళూ నూనే మళ్ళీ విడిపోతుంటే, పని అయిపోయింది. రోజ్‌వాటరు పోసి కలపడాలు వద్దు.

ఎండిన మస్కారాకీ ఇదే మాట. నీళ్ళు, రోజ్‌వాటరు, కొబ్బరినూనె, ఉమ్ము (అవును, చూశాను) ఏదీ పొయ్యకూడదు. సూక్ష్మజీవులు పెరగకుండా కంపెనీ మందు కలుపుతుంది. మీరు నీళ్ళు పోస్తే ఆ మందు పలచబడుతుంది, పైగా కొత్త సూక్ష్మజీవులు లోపలికి దిగుతాయి. ఆ కుంచె వెళ్ళేది కంటి రెప్పల దగ్గరికి. కండ్లకలక వచ్చినప్పుడు వాడిన కాటుక, లైనరు, మస్కారా కొత్తవైనా పారేయాల్సిందే. అక్కాచెల్లెళ్ళు ఒకే కాటుక పెట్టుకునే ఇళ్ళలో కండ్లకలక ఒక్కరితో ఆగదు.

కాంపాక్టు రాస్తే పౌడరు రావడం లేదు, పైన నిగనిగలాడుతోంది

మొహం మీది జిడ్డు పఫ్ ద్వారా వచ్చి పొర కట్టింది. సెల్లోటేపు ముక్క అద్ది లాగితే పొర లేచిపోతుంది, కింద పౌడరు బాగానే ఉంటుంది. పఫ్ ఉతకండి. దీనికోసం కొత్త కాంపాక్టు కొనేవాళ్ళని చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

సీసా కొత్తది, తేదీ బాగుంది, అయినా చెంపల మీద పొక్కులు

అసలు దొంగ ఇక్కడున్నాడు.

కథ ఎప్పుడూ ఒకేలా నడుస్తుంది. చెంపల మీద, దవడ వారన చిన్న చిన్న పొక్కులు, కొన్నిటికి తెల్లటి మొన. ఫౌండేషను పడలేదని కంపెనీ మారుస్తారు. రెండోదీ పడదు. మూడోది బరంపురం నుంచి ఎక్కువ రేటు పెట్టి తెప్పిస్తారు. అదీ అంతే. ఇంతలో ఎవరో చెప్పారని మందుల షాపులో తెల్లబడే ట్యూబు ఒకటి కొని రాస్తారు. వాటిలో చాలా వాటికి స్టెరాయిడ్ ఉంటుంది. మొదట్లో నున్నగా అనిపిస్తుంది, ఆపగానే ఇంకా ఎక్కువగా లేస్తుంది. ఇప్పుడు ఒక జబ్బు మీద రెండో జబ్బు. ఆషాఢం వస్తుంది, మన పెళ్ళిళ్ళు ఆగుతాయి, మేకప్ వేసుకునే పనుండదు, మొహం తేటపడుతుంది. "తగ్గిపోయింది అప్పా" అంటారు. శ్రావణంలో రెండో పెళ్ళికే మళ్ళీ మొదలు.

ఇన్ని మార్చారు గానీ మార్చనిది ఒకటుంది. ఫౌండేషను అద్దుకునే ఆ గుడ్డు ఆకారం గులాబీ స్పాంజి.

స్పాంజిని పైన చూసి ఏమీ తెలుసుకోలేరు. కడిగితే పైన శుభ్రంగానే ఉంటుంది. ఒక కత్తెర తీసుకుని మధ్యకి కోయండి. పైన గులాబీ, అంగుళం లోపలికి వెళ్ళేసరికి ఫౌండేషను రంగులో గట్టిపడిన పొర, దాని చుట్టూ ఆవగింజలో సగమంత నల్లటి చుక్కలు. వాసన చూడమని నేను చెప్పక్కర్లేదు, అదే వస్తుంది. ఆ చుక్కలు బూజు. కంటికి కనబడేది బూజు మాత్రమే, దాంతోపాటు ఉండే బ్యాక్టీరియా కనబడదు. కోసి చూపించాక ఇంతవరకు ఎవరూ నాతో వాదించలేదు.

ఎందుకు పడుతుంది? తడిపి వాడే వస్తువు అది. ఫౌండేషనులో నూనె, మొహం మీది మృతకణాలు, తడి, మూడూ లోపలికి పీల్చుకుంటుంది. పైభాగం గంటలో ఆరిపోతుంది, లోపల ఆరదు. మహేంద్రతనయ నది పక్కన జులై, ఆగస్టులో దండెం మీద చీరే రెండు రోజులు ఆరదు. అలాంటి తేమలో ఆ తడి స్పాంజిని దానితో వచ్చిన ప్లాస్టిక్ డబ్బీలో పెట్టి, టక్కున మూత వేసి, జిప్పు సంచిలో పడేస్తే బూజుకి ఇంతకన్నా మంచి కాపురం ఎక్కడ దొరుకుతుంది?

మన ఊరి వాతావరణం వల్లే అనుకోకండి. బ్రిటన్‌లో ఆస్టన్ యూనివర్సిటీ వాళ్ళు జనం వాడుతున్న మేకప్ సామాను తెప్పించి పరీక్షించి 2019లో ఫలితాలు బయటపెట్టారు. పదింట తొమ్మిదింటిలో బ్యాక్టీరియా దొరికింది. అన్నిటికన్నా అధ్వానం ఈ స్పాంజిలే. 93 శాతం ఒక్కసారి కూడా కడగనివి, 64 శాతం నేల మీద పడినా తీసి వాడినవి. చలిదేశంలో ఆ సంగతి, ఇక్కడ చెప్పాలా?

స్పాంజా, ఫౌండేషనా అన్నది తేల్చుకోవడం తేలిక. పొక్కులు స్పాంజి తగిలిన చోటే ఉన్నాయా చూడండి. వేలితో రాసే కనురెప్పలు, మెడ బాగుండి, స్పాంజితో అద్దే చెంపలే పాడైతే అనుమానం స్పాంజి మీదే. ఫౌండేషను పడకపోతే వేరేగా ఉంటుంది: దురద, ఎర్రదనం, వాపు, అదీ వేలితో రాసిన చోట కూడా. అనుమానం తీరాలంటే సీలు తీసిన కొత్త సీసాలోంచి ఒక చుక్క, కడిగిన వేలితో, మోచేతి మడతలో రోజూ రాసి వారం చూడండి. అక్కడ ఏమీ రాకపోతే సరుకు తప్పు కాకపోవచ్చు.

ఇక బాగుచేసే పని. సగం చేస్తే లాభం లేదు.

స్పాంజి పారేయండి. కడిగి వాడదామని చూడొద్దు, లోపల పట్టిన బూజు సబ్బుకి పోదు. మైక్రోవేవులో పెట్టే వీడియోలు చూశాను. స్పాంజి మాడుతుంది, ఒక్కోసారి అంటుకుంటుంది కూడా, వద్దు.

ఆ స్పాంజిని సీసా మూతి మీద అద్దే అలవాటుంటే ఆ సీసా కూడా పారేయండి. ఇక్కడే అందరూ చెయ్యి వెనక్కి తీస్తారు, "ఎనిమిది వందలు పెట్టి కొన్నాను" అని. పాత సీసా ఉంచితే కొత్త స్పాంజికి అదే అంటుకుంటుంది, నెలలో మళ్ళీ మొదటికి. పంపు సీసా అయితే లోపలికి ఏదీ దిగదు, మూతి తుడిచి ఉంచుకోవచ్చు. వెడల్పు మూతి డబ్బీ అయితే ఆలోచించే పనే లేదు.

కొత్తది కొన్నాక, వాడిన ప్రతిసారీ కడగాలి. మామూలు ఒంటి సబ్బు చాలు. నురగ పట్టించి, పిండి, నీళ్ళు తేటగా వచ్చేవరకు మళ్ళీ పిండాలి. పొడి తువ్వాలులో చుట్టి గట్టిగా నొక్కి, ఫ్యాను గాలి తగిలేలా స్టీలు గ్లాసు అంచు మీద నిలబెట్టండి. డబ్బీలో పెట్టకండి, ఆ డబ్బీ కావాలంటే పిన్నీసులకి వాడుకోండి. మూడు నెలలకి మార్చండి. వానాకాలంలో అది కూడా ఎక్కువే, ఆ నాలుగు నెలలూ స్పాంజి మానేసి వేలితోనో, బ్రష్షుతోనో వేసుకోమంటాను.

సరుకు సీసాలోంచి ముందు ఒక చిన్న స్టీలు ప్లేటులోకి తీసుకోండి, స్పాంజి ప్లేటు దగ్గరే ఆగాలి. క్రీము డబ్బీ అయితే చిన్న చెంచా పెట్టుకోండి. పెళ్ళికూతురికి మేకప్ వేయించుకునేటప్పుడు కూడా ఇది గమనించండి. ఒకే స్పాంజితో వదిననీ, తోటికోడలినీ, మీ అమ్మాయినీ వరసగా అద్దేస్తుంటే మొహమాటపడకుండా అడగండి. నన్నైనా సరే.

వారం పది రోజుల్లో కొత్త పొక్కులు ఆగాలి. చీము, నొప్పి, జ్వరం ఉంటే, కంటి చుట్టూ వాస్తే, ఎదురుచూడకుండా చర్మం డాక్టరు దగ్గరికి వెళ్ళండి. రాసిన ట్యూబులన్నీ వెంట పట్టుకెళ్ళండి, దాచకండి.

ఫ్రిజ్‌లో పెడితే ఎక్కువ రోజులు ఉంటాయి కదా?

అందరూ అడుగుతారు. కొన్నిటికి మంచిదే, మన దగ్గర చిక్కు వేరు. తీసి బయట పెట్టగానే డబ్బా లోపల నీళ్ళు పడతాయి, పౌడరు గడ్డకడుతుంది. తిత్లీ తుఫానప్పుడు కరెంటు రోజుల తరబడి లేదు, ఫ్రిజ్‌లోని చేపలతో పాటు క్రీములూ పోయాయి. చల్లటి గదిలో, మూత బిగించి, ఎండ తగలని అరలో పెడితే సరిపోతుంది. బాత్రూములో మాత్రం పెట్టకండి.

మిగతావి

కొన్న రోజే వాసన వస్తే అది దుకాణం తప్పు. అద్దాల షోకేసులో ఎండకి ఎండిన సరుకు, సంతలో విడిగా అమ్మేవి, తేదీ మీద ఇంకో స్టిక్కరు అంటించినవి కొనకండి. బ్యాచి నంబరు, తయారీ లైసెన్సు నంబరు లేని పెట్టె ఎంత చవకైనా వద్దు.

వేసుకున్న గంటకి ఫౌండేషను నల్లబడడం పాడవడం కాదు. చర్మం జిడ్డు కలిసి రంగు ముదురుతుంది. అర షేడు తక్కువది కొనుక్కోండి.

బొట్టుబిళ్ళ పెట్టే చోట తెల్లమచ్చ వస్తే జిగురులోని రసాయనం పని, వెంటనే స్టిక్కరు ఆపేసి డాక్టరుకి చూపించండి. నల్ల మెహందీకి చేతులు బొబ్బలెక్కితే అది జుట్టు రంగులో వేసే మందు, తేదీ చూసి తేలేది కాదు. ఇక ముందెప్పుడైనా జుట్టుకి రంగు వేయించుకునేటప్పుడు ఆ సంగతి పార్లరు వాళ్ళకి ముందే చెప్పండి.