కొండ మీంచి ఎగరేస్తే తెర మీద ఎత్తును నమ్మకండి: ఒడిశా సరిహద్దులో డ్రోన్ సరదాకు నియమాలు

పాతపట్నంలో ఎగరేసినా, సరిహద్దు దాటి పర్లాకిమిడిలో ఎగరేసినా వర్తించేవి కేంద్రం 2021 ఆగస్టులో తెచ్చిన డ్రోన్ రూల్సే. అతిక్రమిస్తే లక్ష రూపాయల దాకా జరిమానా ఉంటుంది.

ముందు తూకం. బ్యాటరీ, రెక్కలు, మెమరీ కార్డు అన్నీ పెట్టి వంటింటి డిజిటల్ కాటా మీద ఉంచండి. 250 గ్రాములు, అంతకు లోపుంటే నానో. ఆపైన 2 కిలోల దాకా మైక్రో. పెట్టె మీద 249 గ్రాములని రాసినదానికి రెక్కల గార్డులు తగిలించారంటే అది మైక్రో అయిపోయినట్టే. నానోకు పైలట్ సర్టిఫికెట్, బీమా అక్కర్లేదు. మైక్రోకు థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. సరదాకైతే పైలట్ సర్టిఫికెట్ లేకపోయినా పర్వాలేదు గానీ, పెళ్లి వీడియో తీసి డబ్బు తీసుకుంటే కావాలి. 2022 ఫిబ్రవరి నుంచి విదేశాల్లో తయారైన డ్రోన్ల దిగుమతి నిషేధం కనుక, మైక్రో కొనేముందే టైప్ సర్టిఫికెట్ (ఆ మోడల్ ప్రమాణాలకు సరిపోతుందన్న అధికారిక పత్రం) ఉందేమో దుకాణంలో అడగండి. కొన్నాక గుర్తింపు సంఖ్యకు దరఖాస్తు చేసుకోండి, రుసుము 100 రూపాయలు.

తర్వాత డిజిటల్ స్కై మ్యాప్, అంటే ఎక్కడ ఎగరేయవచ్చో రంగుల్లో చూపే ప్రభుత్వ ఆన్‌లైన్ పటం. పచ్చ రంగులో 400 అడుగుల దాకా, అంటే 120 మీటర్ల దాకా, ఎవరినీ అడగక్కర్లేదు. విమానాశ్రయం ప్రహరీకి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య ఆ హద్దు 200 అడుగులే. ఇంకా దగ్గరైతే అనుమతి లేకుండా పైకి లేపకండి. కొరాపుట్ వైపు వాళ్లు జయపురం విమానాశ్రయాన్ని, బరంపురం వాళ్లు గోపాలపూర్ దగ్గరి సైనిక ప్రాంతాన్ని గుర్తుంచుకోవాలి. మ్యాప్ నిన్న చూశాంలే అనుకోకండి. జాతరకో, పెద్దల పర్యటనకో పోలీసులు ఒక్కోసారి 96 గంటల దాకా తాత్కాలిక రెడ్ జోన్ (అనుమతి లేకుండా ఎగరేయకూడని ప్రాంతం) పెట్టవచ్చు. ఆంధ్ర వైపు లేకున్నా ఒడిశా వైపు ఉండొచ్చు. డ్రోన్ గీత దాటితే అటువైపు ఆంక్షే దానికి వర్తిస్తుంది. రుషికుల్య ముఖద్వారంలో తాబేళ్లు గుడ్లు పెట్టే రోజుల్లోనూ, అభయారణ్యాల్లోనూ అటవీ శాఖను అడగకుండా ఎగరేయవద్దు.

అసలు చిక్కు కొండల్లోనే. తెర మీద కనిపించే ఎత్తు మీరు లేపిన చోటు నుంచి లెక్క, కింద ఉన్న నేల నుంచి కాదు. మహేంద్రగిరి లాంటి కొండ అంచున నిలబడి 20 మీటర్లు పైకి లేపి లోయ మీదికి పంపారనుకోండి. నేల 300 మీటర్లు కిందికి పోతే మీ డ్రోన్ 320 మీటర్ల ఎత్తున ఉన్నట్టు. తెర మాత్రం 20 అనే చూపిస్తుంది. చట్టం లెక్కలో అది పసుపు జోన్, ఏటీసీ (విమాన రాకపోకల నియంత్రణ కేంద్రం) అనుమతి లేకుండా ఉండకూడని చోటు. లోయలోంచి లేపితే దీనికి తిరగేసిన ప్రమాదం: సిగ్నల్ తెగి ‘రిటర్న్ టు హోమ్’ (ముందే పెట్టిన ఎత్తులో దానంతటదే లేచిన చోటికి తిరిగి రావడం) మొదలైతే 30 మీటర్లకు పెట్టిన డ్రోన్ నేరుగా ఎదురు కొండకు తగులుతుంది. దారిలో అన్నిటికన్నా ఎత్తైన చెట్టు, గట్టు చూసి దానికి 20 మీటర్లు కలిపి పెట్టండి. ఆ లెక్క 120 దాటితే ఆ చోటు వదిలేసి వేరే చోటు వెతుక్కోవడం మేలు.

లేపే ముందు జీపీఎస్ కుదిరి హోమ్ పాయింట్ (తిరిగి రావాల్సిన చోటు) నమోదయ్యేదాకా ఆగండి. డాబా మీద, కల్వర్టు మీద, కారు బానెట్ మీద పెట్టి దిక్సూచి కాలిబ్రేషన్ చెయ్యకండి. లోపలి ఇనుము వల్ల దిక్కు తప్పుగా నమోదై, పైకి లేచాక డ్రోన్ గుండ్రంగా తిరుగుతూ పక్కకు జారిపోతుంది. మట్టి నేల మీద చెయ్యాలి.

గోపాలపూర్ తీరంలో మధ్యాహ్నం గాలి సముద్రం మీంచి వీస్తుంది. ఒడ్డు నుంచి నేల వైపు వెళ్లేటప్పుడు తోస్తుంది, తిరుగు ప్రయాణంలో బ్యాటరీ తాగేస్తుంది. అందుకే ముందు గాలికి ఎదురుగా వెళ్లి, గాలి వాలున వెనక్కి రండి. బ్యాటరీ 30 శాతం దగ్గర దింపెయ్యండి. ఉబ్బిన బ్యాటరీ ఎంత చార్జ్ పట్టినా వాడకండి.

కంటికి కనిపించేంత దూరంలోనే ఉంచండి. హెలికాప్టర్ శబ్దం వినిపిస్తే ఫొటో సంగతి మరిచి వెంటనే కిందికి దించండి.