మనాటీలు శబ్దానికి ఎలా స్పందిస్తాయో పరిశీలించడం ఎలా?

చెన్నైలో జంతుశాస్త్రం చదువుతూ ఈ అధ్యయనం చేయదలచిన తెలుగు విద్యార్థులకు మొదటి చిక్కు మనాటీ, అంటే నీటి మొక్కలు మేస్తూ నీటిలోనే బతికే పెద్ద క్షీరదం, దొరకడమే. తమిళనాడు తీరంలోని పాక్ అఖాతంలో ఉండేవి మనాటీలు కావు, వాటికి దగ్గరి బంధువులైన డుగాంగ్‌లు. అందువల్ల మనాటీలున్న జూను, ఉదాహరణకు సింగపూర్‌లోని రివర్ వండర్స్ వంటి చోటును ఎంచుకుని, అక్కడి యాజమాన్యం నుంచీ, మీ సంస్థ నైతిక సమీక్షా సంఘం నుంచీ ముందుగానే రాతపూర్వక అనుమతి పొందాలి.

తరువాత ప్రశ్నను తేల్చుకోండి. జంతువు ఏయే శబ్దాలు వినగలదో కనుక్కోవాలంటే దానికి దీర్ఘకాలం శిక్షణ ఇవ్వాలి. ఎడ్మండ్ గెర్స్టీన్ బృందం 1999లో ప్రచురించిన అధ్యయనంలో శిక్షణ పొందిన మనాటీలు 0.4 నుంచి 46 కిలోహెర్ట్జ్ వరకు విన్నాయి. 6 నుంచి 20 కిలోహెర్ట్జ్ మధ్య వాటి వినికిడి మెరుగ్గా ఉంది. వ్యవధి తక్కువైతే, విన్నాక జంతువు ఏం చేస్తుందన్న ప్రశ్నకే పరిమితం కావడం మేలు.

పరికరాల సాధన చెన్నైలోనే చేయవచ్చు. బ్యాటరీతో పనిచేసే రికార్డరుకు హైడ్రోఫోన్ (నీటిలోని శబ్దాలను పట్టే మైకు) తగిలించి, ఇంటి సంపులోకి దించి, మోటారు వేసినప్పుడు, ఆపినప్పుడు వినండి. జూ ట్యాంకులో ఫిల్టరు పంపుల మోత ఎంత అడ్డుపడుతుందో అర్థమవుతుంది. నీటిలో 1 కిలోహెర్ట్జ్ శబ్దపు తరంగదైర్ఘ్యం సుమారు 1.5 మీటర్లు. ట్యాంకు గోడల నుంచి మళ్లిన తరంగాలు కలిసి ఒకచోట హోరుగా, పక్కనే బలహీనంగా వినిపిస్తాయి కాబట్టి, జంతువు తిరిగే ప్రతిచోటా హైడ్రోఫోన్‌తో తీవ్రతను కొలవకుండా, శబ్దం వినిపించే నీటి స్పీకరు మీటను నమ్మి లాభం లేదు.

ఇక అసలు ప్రయోగం. శబ్దం వినిపించే వంతుల మధ్య, పరికరాలన్నీ అలాగే ఉంచి ఏమీ వినిపించని వంతులను చీటీలు తీసినట్లు యాదృచ్ఛికంగా కలపాలి. మనాటీ ఎలాగూ ఊపిరి కోసం పైకి వస్తుంది, ముక్కు రంధ్రాల మూతలు తెరిచి మూసి మునుగుతుంది. నిశ్శబ్దపు వంతులు లేకపోతే ఈ మామూలు కదలికే స్పందనగా కనిపిస్తుంది. మేత వేళ దీనికి పనికిరాదు. జంతువు మేత మానినా, మూలకు నక్కినా ఆ పూటకు ఆపేయాలి. ఈ విషయంలో కీపరు మాటే ఆఖరు.

వీడియోలో ధ్వని తీసేసి, వంతుల వివరం తెలియని ఇద్దరి చేత విడివిడిగా శ్వాసలు, మలుపులు, స్పీకరు నుంచి దూరం రాయించి, వారి లెక్కలు ఎంతవరకు కలిశాయో చూడండి. రెండు మనాటీలకు వంద సార్లు వినిపించినా నమూనా రెండే కాబట్టి, నివేదికలో ఏ జంతువు ఫలితం దానికి విడిగా చూపాలి.