రీబిల్డ్‌లో ఉన్న హాకీ టీమ్ కప్పు కొట్టే స్థాయికి వస్తుందా? అంచనా వేయడం ఇలా

ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో రీబిల్డ్ (కుర్రాళ్లతో జట్టును మళ్లీ మొదటి నుంచి కట్టుకోవడం) మొదలుపెట్టిన ప్రతి టీమూ అభిమానులతో చెప్పేది ఒకటే: ఇంకో రెండేళ్లు ఓపిక పట్టండి. పడదాం, కానీ ఆ ఓపికకు ఫలితం ఉంటుందో లేదో చాలావరకు ముందే పసిగట్టొచ్చు. అందుకు పాయింట్ల పట్టిక కాసేపు పక్కన పెట్టి, జట్టు మధ్యలో ఎవరున్నారో చూడాలి.

మధ్యలో అంటే ఇద్దరు గట్టి సెంటర్లు (దాడిని మధ్యలోంచి నడిపేవాళ్లు), అవతలి టీమ్ టాప్ లైన్ (వాళ్ల అత్యుత్తమ దాడి ఆటగాళ్లు) మీద రోజూ ఆడి నిలబడగల నంబర్ వన్ డిఫెన్స్‌మన్, నమ్మదగ్గ గోలీ (గోల్ కాపరి). 2009లో లీగ్ టైటిల్ అయిన స్టాన్లీ కప్ గెలిచిన పిట్స్‌బర్గ్‌కి క్రాస్బీ, మాల్కిన్ ఉన్నారు. 2010లో గెలిచిన షికాగోకి టేవ్స్, కీత్ ఉన్నారు. 2020, 2021లో వరసగా గెలిచిన టాంపాకి బ్రేడెన్ పాయింట్, హెడ్‌మన్, వాసిలెవ్‌స్కీ ఉన్నారు. వీటిలో గోలీని, రెండో సెంటర్‌ని బయటి నుంచి తెచ్చుకోవచ్చు. 2022లో గెలిచిన కొలరాడో గోలీ కెంపర్‌ని, సెంటర్ కాద్రీని అలాగే ట్రేడ్‌లో (వేరే టీమ్‌తో మార్పిడిలో) తెచ్చుకుంది. మొదటి సెంటర్, మొదటి డిఫెన్స్‌మన్ మాత్రం మార్కెట్లో దొరకడం చాలా అరుదు, దొరికినా ధర చుక్కలు చూపిస్తుంది. మీ టీమ్‌లో ఈ రెండు స్థానాలకీ పేర్లు రాయలేకపోతే, మిగతా కుర్రాళ్లు ఎంత బాగున్నా రీబిల్డ్ ఇంకా సగం కూడా కాలేదని నా లెక్క.

"మాకు అన్ని టాప్ పిక్‌లు ఉన్నాయి కదా" అనేవాళ్లకి ఎడ్మంటన్‌ని గుర్తు చేయాలి. 2010, 2011, 2012 మూడేళ్లూ డ్రాఫ్ట్‌లో (టీమ్‌లు వంతులవారీగా కొత్త కుర్రాళ్లను ఎంచుకునే చోట) మొదటి పిక్, అంటే మొదటి ఎంపిక, వాళ్లదే: హాల్, న్యూజెంట్ హాప్కిన్స్, యాకుపోవ్. అయినా 2006 ఫైనల్ తర్వాత వరసగా 10 సీజన్లు ప్లేఆఫ్స్ (కప్పు కోసం సీజన్ చివర జరిగే నాకౌట్ దశ) మొహం చూడలేదు. 2015లో మెక్‌డేవిడ్ వచ్చాక, అది కూడా అతని రెండో సీజన్‌లోగానీ పరిస్థితి మారలేదు. బఫెలో అయితే 2011 తర్వాత 2025 దాకా 14 సీజన్లు బయటే ఉండిపోయింది, ఆ మధ్యలోనే రెండుసార్లు మొదటి పిక్ చేతికొచ్చింది కూడా. పైగా డ్రాఫ్ట్‌లో మొదటి వంతు ఎవరిదో తేల్చే ఇప్పటి లాటరీలో ఆఖరి స్థానంలో ఉన్న టీమ్‌కి మొదటి పిక్ దక్కే అవకాశం 25.5 శాతమే.

కాబట్టి స్కౌట్ల పనితనం తెలియాలంటే రెండో రౌండ్ నుంచి కిందికి చూడండి. టాంపా కుచెరోవ్‌ని 58వ పిక్‌తో, బ్రేడెన్ పాయింట్‌ని 79వ పిక్‌తో తీసుకుంది. గత ఐదారేళ్ల డ్రాఫ్ట్‌లు తెరిచి, మొదటి రౌండ్ కొట్టేసి, మిగిలినవాళ్లలో ఎంతమంది ఇప్పుడు ఎన్‌హెచ్‌ఎల్‌లో పూర్తికాలం ఆడుతున్నారో లెక్కపెట్టండి. ఆ లెక్క సున్నా అయితే నిజంగా టెన్షన్ పడాల్సిందే.

కొలరాడో కథ దగ్గరగా చూడదగ్గది. 2016-17లో 82 మ్యాచ్‌లాడి 48 పాయింట్లే తెచ్చుకుని అట్టడుగున నిలిచింది, లాటరీలోనూ అదృష్టం కలిసిరాక నాలుగో పిక్‌కి జారింది. ఆ పిక్‌తో తీసుకున్నది, తర్వాత వాళ్ల నంబర్ వన్ డిఫెన్స్‌మన్ అయిన కేల్ మకార్‌ని! 2017 నవంబర్లో సెంటర్ డుషేన్‌ని ఇచ్చేసి డిఫెన్స్‌మన్ గిరార్డ్‌తో పాటు ఒట్టావా మొదటి రౌండ్ పిక్ కూడా రాబట్టింది, ఆ పిక్‌తోనే 2019లో డిఫెన్స్‌మన్ బయ్‌రమ్‌ని తీసుకుంది. వీటన్నిటికంటే నాకు ముఖ్యంగా అనిపించేది వాళ్ల మొదటి సెంటర్ మెక్‌కినన్ కాంట్రాక్ట్. 2016లో ఏడేళ్లకు, ఏడాదికి 63 లక్షల డాలర్ల చొప్పున సంతకం చేశాడు కాబట్టి 2022లో కప్పు ఎత్తేనాటికీ అదే జీతం. శాలరీ క్యాప్ (టీమ్ మొత్తం జీతాలకు పరిమితి) ఉన్న లీగ్‌లో అలా మిగిలిన డబ్బుతోనే కదా పక్కన మంచి ఆటగాళ్లను నిలబెట్టుకునేది. అందుకే మీ టీమ్ స్టార్ల కాంట్రాక్ట్‌లు ఏ ఏడాది ముగుస్తాయో ఒక కాగితం మీద రాసుకోండి. కుర్రాళ్లు చవగ్గా ఉన్న సంవత్సరాలూ, బాగా ఆడే సంవత్సరాలూ కలిసే చోటే మీ టీమ్ అవకాశం ఉంది. కుర్రాళ్ల మొదటి ఒప్పందమైన మూడేళ్ల ఎంట్రీ లెవల్ కాంట్రాక్ట్ అయిపోయేదాకా టీమ్ ఓడుతూనే ఉంటే ఆ చవక కాలం వృథా అయినట్టే.

ఇక ఏదో ఒక సీజన్‌లో టీమ్ హఠాత్తుగా గెలవడం మొదలుపెడుతుంది, అందరూ పైకి లేచేశాం అంటారు. అప్పుడు ఫైవ్ ఆన్ ఫైవ్‌లో (రెండు వైపులా ఐదుగురు ఆటగాళ్లున్నప్పుడు) టీమ్ షూటింగ్ శాతాన్నీ (షాట్లలో గోల్ అయినవి) సేవ్ శాతాన్నీ (ఎదురైన షాట్లలో గోలీ ఆపినవి) కలిపి చూడండి. ఒకరి గోల్ అవతలివాళ్లు ఆపలేకపోయిన షాటే కాబట్టి లీగ్ మొత్తానికి ఆ కూడిక 100 దగ్గరే ఉంటుంది. ఇరవై మ్యాచ్‌ల తర్వాత మీ టీమ్‌కి 11, 93 కలిపి 104 వస్తోందనుకోండి, అది ఎక్కువ కాలం నిలవదు. అదే సమయంలో ఎక్స్‌పెక్టెడ్ గోల్స్ (షాట్ల నాణ్యతను బట్టి రావాల్సిన గోల్స్) వాటా 50 శాతం దాటితే ఆశ పెట్టుకోవచ్చు, 45 దగ్గరే కొట్టుకుంటుంటే గోలీ పుణ్యమా అని గెలుస్తున్నారన్నమాట. ఓవర్‌టైమ్‌లో ఓడినా ఒక పాయింట్ వస్తుంది, అందుకే పట్టికలో మామూలు టీమ్‌లు కూడా బాగానే కనిపిస్తాయి. ప్లేఆఫ్స్‌లో ముగ్గురేసి ఆడే త్రీ ఆన్ త్రీ ఓవర్‌టైమ్ ఉండదు, షూటౌట్ ఉండదు. అందుకని 60 నిమిషాల్లోపే గెలిచిన మ్యాచ్‌ల సంఖ్యే చూడండి.

చివరగా ట్రేడ్ డెడ్‌లైన్ (ఆ సీజన్‌లో ఆటగాళ్లను మార్చుకోవడానికి ఆఖరి గడువు) దగ్గర మేనేజ్‌మెంట్ ఏం చేస్తోందో గమనించండి. మధ్యలో సెంటర్, డిఫెన్స్‌మన్ కుదిరాక, షాట్ల లెక్కలు రెండు సీజన్లు వరసగా మెరుగయ్యాక పిక్‌లు ఇచ్చి ఆటగాళ్లను తెచ్చుకుంటే అది సరైన సమయం. అవేవీ లేకుండా, ఒక్క మంచి నెల చూసి ముప్పై దాటిన వింగర్‌కి ఏడేళ్ల కాంట్రాక్ట్ ఇచ్చారంటే మాత్రం, మీరు వేసుకున్న అంచనాని ఇంకో మూడేళ్లు వెనక్కి జరపండి.