రోజూ బైబిల్ వాక్యం చదివి, ఆ వాక్యంతోనే ప్రార్థించడం ఎలా?

మన ఇళ్లలో ప్రార్థన అంటే ఎక్కువగా విన్నపాలే. ఆరోగ్యం, పిల్లల చదువు, ఉద్యోగం, అప్పులు. ఇవన్నీ దేవుని ముందు పెట్టవలసినవే. అయితే ముందు ఆయన మాట విని, దానికి జవాబుగా మనం మాట్లాడితే ప్రార్థన తీరే మారిపోతుంది. 12వ శతాబ్దంలో గ్విగో అనే కార్తూసియన్ మఠ సంఘపు సన్యాసి ఈ మార్గాన్ని నాలుగు మెట్లుగా వివరించాడు: చదవడం, ధ్యానించడం, ప్రార్థించడం, ఆపైన దేవుని సన్నిధిలో మౌనంగా ఉండిపోవడం. లెక్సియో దివీనా (దైవిక పఠనం) అనే ఈ పద్ధతి మఠాల్లో పెరిగినా ఏ సంఘంవారైనా పాటించవచ్చు. రోజుకు ఇరవై నిమిషాలు చాలు.

ఏ భాగం చదవాలో ముందురోజు రాత్రే నిర్ణయించుకోండి. కతోలికులకు ఇది సులువు, ఆ రోజు దివ్యబలిపూజ పఠనాలు ఉంటాయి. అన్నింటినీ ధ్యానించాలని చూడకండి, సువిశేషం, అంటే సువార్త భాగం, ఒక్కటి తీసుకోండి. మిగతావారు ఒక సువార్తను వరుసగా చదవండి. మార్కు సువార్తలో 16 అధ్యాయాలే, మొదలుపెట్టడానికి అదే మంచిది. రోజుకు పది, పదిహేను వచనాలు దాటవద్దు.

బైబిల్ తెరిచి కంటికి ఏ వచనం కనబడితే అదే నేటి మాట అనుకునే అలవాటు మానుకోవాలని నా గట్టి మనవి. కొత్త సంవత్సరం ఆరాధనలో వాగ్దానపు కార్డు తీసుకుంటాం కదా, దాన్ని కూడా చుట్టూ ఉన్న అధ్యాయంతో కలిపి చదవండి. యిర్మీయా 29:11 ఎంతోమందికి ఇష్టమైన వచనం. దేవుడు సమాధానకరమైన ఉద్దేశాలు కలిగి ఉన్నాడన్న ఆ మాట బబులోనుకు చెరగా వెళ్లినవాళ్లకు రాసిన ఉత్తరంలోది. దాని ముందు వచనంలోనే డెబ్బై ఏళ్లు పడుతుందని ఉంది. ఇంకాస్త పైన, అక్కడే ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, ఆ పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి అని ఉంది. ఇవన్నీ చదివాక ఆ వాగ్దానం మనకు ఓపిక కూడా నేర్పుతుంది.

కూర్చునే చోటు, సమయం రోజూ ఒకటే అయితే మంచిది. ఫోన్‌లో చదివేవారు డేటా ఆపేయండి. ఒక నిమిషం ఊరికే ఉండి, బాల సమూయేలు చెప్పినట్టు “నీ దాసుడు ఆలకించుచున్నాడు” అని చెప్పి మొదలుపెట్టండి.

ఇక చదవండి, పైకి వినబడేలా, రెండుసార్లు. పాత అనువాదంలో గ్రాంథిక భాష కష్టమనిపిస్తే రెండోసారి వాడుక భాష అనువాదంలో చదువుకోవచ్చు.

ధ్యానానికి ఎక్కువ సమయం ఇవ్వండి. ఉదాహరణకు మార్కు 10:46-52 తీసుకుందాం. యెరికో దారి పక్కన బర్తిమయి అనే గుడ్డి బిచ్చగాడు యేసును పిలుస్తాడు. ఊరుకోమని చాలామంది గద్దిస్తే ఇంకా గట్టిగా కేక వేస్తాడు. యేసు ఆగి అతన్ని పిలిపిస్తే, పైబట్ట పారవేసి లేచి వస్తాడు. నీకేం చేయమంటావని యేసు అడుగుతాడు. ఇక్కడ ఆగండి. అదే అధ్యాయంలో కొంచెం ముందు యాకోబు, యోహానులను కూడా ఆయన ఇదే ప్రశ్న అడిగాడు. వాళ్లు కుడి ఎడమల కూర్చునే స్థానాలు కోరారు. బర్తిమయి చూపు కోరాడు. వరుసగా చదివేవారికే ఇలాంటివి దొరుకుతాయి. ఇప్పుడు మిమ్మల్ని మీరు అడగండి: ఈ కథలో నేనెక్కడున్నాను? కేక వేస్తున్నానా, ఇంకొకరి నోరు మూయిస్తున్నానా? యేసు నన్నే అడిగితే నేనేం కోరతాను?

ప్రార్థన ఆ జవాబు నుంచే రావాలి. “ప్రభువా, నాకు గౌరవం కావాలని అడుగుతూ వచ్చాను. నా ఇంట్లోవాళ్ల బాధ చూడగలిగే కళ్లు ఇవ్వు.” ఇంత చిన్నదైనా సరే. మీ విన్నపాలు, ఇతరుల కోసం చేసే ప్రార్థనలు దీని తర్వాత రావచ్చు. ఆపైన రెండు, మూడు నిమిషాలు మౌనంగా ఉండండి. ఆలోచనలు ఎటో పోతే కంగారుపడకుండా, చదివిన మాట ఒకటి మళ్లీ పలకండి.

లేచేముందు నోట్‌బుక్‌లో రెండు వాక్యాలు రాయండి: ఈరోజు విన్న మాట, దాన్నిబట్టి చేయబోయే ఒక పని. ఫోన్ చేయాల్సిన మనిషి పేరు కావచ్చు, తీర్చాల్సిన బాకీ కావచ్చు.

దుఃఖంలో ఉన్నప్పుడు సువార్త చదవబుద్ధి కాకపోవచ్చు. అప్పుడు 13వ కీర్తన తెరవండి, ఆరు వచనాలే. ఇంకా ఎంతకాలమని దేవుణ్ణే నిలదీస్తుంది. 88వ కీర్తన అయితే చీకటిలోనే ముగుస్తుంది. అలాంటి ప్రార్థనలకూ బైబిల్‌లో చోటుందంటే, మన కన్నీళ్లు దాచుకుని మంచి మాటలు పేర్చాల్సిన పని లేదు.

రాత్రి కుటుంబ ప్రార్థనలో అదే భాగాన్ని పిల్లల చేత చదివించండి. ప్రసంగం వద్దు. “ఇందులో నీకు ఎవరు నచ్చారు?” అని అడిగి, వాళ్లు చెప్పేది పూర్తిగా వినండి.

ఒకరోజు తప్పిపోతే మర్నాడు రెండు భాగాలూ కలిపి పూర్తిచేయాలని టెన్షన్ పడకండి, ఆ రోజు భాగమే చదవండి. మార్కు అయిపోయాక లూకాకు వెళ్లండి, అందులో 24 అధ్యాయాలున్నాయి.